ముప్పై ఏడు పేజీల పాట

నిన్న పాఠం చెబుతూ అంబక్క మధ్యలో ఆగిపోయింది. గురువుగారి పాట రెండో సగం మరపున పడింది. ఆయన పాత రికార్డు ఆన్‌లైన్‌లో ఉందని ఇవాళ శిష్యురాలు వైజయంతి ల్యాప్‌టాప్ తెచ్చింది. ధార్వాడలో ఎండ నడినెత్తికొచ్చినా పాట మాత్రం రాలేదు.

"ఇంకా అయిపోలేదటే ఆ వెబ్‌సైటు వాడి షరతుల పురాణం?"

"మొత్తం ముప్పై ఏడు పేజీలక్కా. చివరిదాకా జరిపితేగానీ 'ఒప్పుకుంటున్నాను' మీట వెలగదు."

"ఇందాకా అదే అన్నావు."

"మీకు కాఫీ కలపడానికి లేచానుగా, మళ్లీ మొదటికొచ్చింది."

"వాడి మొహం మండ! వంకాయలమ్మేవాడు ఇన్ని షరతులు పెడతాడా?"

"వంకాయ కొంటే మనదవుతుంది. ఇది మనది కాదట. వినడానికి అనుమతి మాత్రమేనట."

"ఆ రికార్డులో గురువుగారి వెనక కూర్చుని తంబూరా మీటింది నేనేనే!"

"మీ పేరెక్కడా లేదక్కా. ఇదీ వినండి. ఇంకొకరికి ఇవ్వకూడదు. ఏ విధంగానూ నకలు తీయకూడదు."

"నోటితో కూడానా?"

"ఏ విధంగానూ అనే ఉంది."

"మరి నీకెలా నేర్పను? ఆయన పాడితే నేను అచ్చం అలాగే పాడాను. మా చదువంతా నకలేగా!"

"మీ గురువుగారు షరతులేమీ పెట్టలేదా?"

గురువు మాట రాగానే అంబక్క చెయ్యి భక్తిగా చెవితమ్మెను తాకింది.

"ఒక్కటే పెట్టారు. 'నీ దగ్గరే ఉంచుకోకు' అన్నారు."

"మీట వెలిగిందక్కా! ఏం చెయ్యమంటారు?"

"ఒప్పుకున్నానని నొక్కు. నొక్కి, తంబూరా అందుకో. నేను ముందు ఒప్పుకున్నది ఆయన షరతుకి."