బోర్డు మీది రాజ్యలక్ష్మమ్మ

హలో… ఆ, నేనే. రాజ్యలక్ష్మమ్మనే. మీ బోర్డు మీద దండం పెట్టుకోని నిలబడిండే రాజ్యలక్ష్మమ్మనే.

చెప్పప్పా అనంతయ్యా…

మూడుసార్లు చేస్తి, ఎత్తలే నువ్వు. …అంగట్లో ఉంటివా. సరే.

ఏం లేదు, ఒక్క మాట అడగల్ల. వీధి మొగదాల, మన అమ్మవారిశాల గుడి గోడకు ఆ ఫ్లెక్సీ ఎవురు కట్టించినారు?

…సంఘం అంటే ఎవురప్పా? అధ్యక్షుడివి నువ్వే కదా.

…ఆ, చదివినా. ఇంత లావు అక్షరాలు. 'ఈ వీధిలో ఆడవారు నైటీలతో తిరగరాదు. ఇట్లు, మహిళా విభాగం, రాజ్యలక్ష్మమ్మ.' పక్కన పట్టుచీరలో నా ఫోటో.

…దసరాదా? నేను ఆ పొద్దు దండం పెట్టింది అమ్మవారికి. దాన్ని కత్తిరించి నైటీలకు పెట్టించినావు.

…వదినా వదినా అని మెత్తగా పిలవద్దు. వదినను అడిగినావా ముందు?

…మీటింగులో అనుకున్నారా. మహిళా విభాగాన్ని ఎవురు పిలిచినారు మీటింగుకు? పులిహోర కలిపేటప్పుడు తప్ప మేం గుర్తుకొస్తామా మీకు?

…అవును. కోపమే.

మా కోడలు అమూల్య… ఆ, కాన్పయింది, నలభై ఐదు దినాలు. పెద్దాపరేషన్, కుట్లు ఇంకా సరిగ్గా మానలే. పొద్దున పాపకు టీకా ఏయించల్లని బయల్దేరింది. నైటీ, పైన చున్నీ. వీధి మొగదాల మీ వాచ్‌మన్ దాసన్న ఆపినాడు. బోర్డు చూపించి, మీ అత్త మాటే కదమ్మా అన్నాడంట.

ఎనక్కొచ్చింది. చీర కట్టుకోని పోయింది.

…చీర కడితే ఏమయితాదా? లంగా బొందు యాడ బిగిస్తారో తెల్సా నీకు? సరీగా కుట్ల మీద. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కుట్టు దగ్గర నెత్తురు చెమ్మ. నేను దూదితో తుడుస్తాంటే ఆ పిల్ల గోడ దిక్కు చూస్తాండాది.

…ఇప్పుడు పర్వాలేదు. డాక్టరమ్మకు చూపించినాం.

నేను రాయించలేదు తల్లీ అని చెప్పినా. నమ్మలే.

…ఎందుకు నమ్మలేదంటావా…

ఎందుకు నమ్ముతాదప్పా? పెండ్లయి వచ్చిన కొత్తలో చుడీదార్లు తెచ్చుకునింది, నాలుగు. మన ఇండ్లల్లో కుదరదు, అమ్మవారిని కొలిచే ఇల్లు, చీరే కట్టల్ల అని బీరువా పైన పెట్టించింది నేనే. నువ్వు కాదు, సంఘం కాదు. ఆ పొద్దు ఆ పిల్ల అన్నీ మూట కట్టి నా చేతికిచ్చింది. ఆరేండ్లయింది. ఇప్పుడు ఆ బోర్డు చూస్తే… అచ్చం నా మాట మాదిరే ఉండాది దానికి. అదే నాకు తట్టుకోనీకి కాలేదు.

…ఏడుపు కాదులే. పడిశం.

…ఏమి? పక్క వీధి సాయిబుల ఆడోళ్లను చూసి నేర్చుకోవల్లనా? మన నైటీలు కుట్టేది ఆ వీధి నసీమానే. బురఖా ఏసుకుంటాది. ఫోను పెట్టుకోనీకి దానికి జేబు కూడా కుట్టుకునింది. తమ్ముడు వద్దన్నా ఏసుకుంటాది. వాళ్ల చెల్లెలు ఏసుకోదు. ఇద్దరూ ఒకే మిషను కాడ కూచోని కుడతారు. నేర్చుకోవల్లంటే అది నేర్చుకో.

నాకు చీరంటే ఇష్టం. గుడికి చీరలోనే వస్తా, రేపు కూడా వస్తా. నువ్వు చెప్పినావని కాదు.

…అమ్మవారికి కోపమొస్తాదని నీకు చెప్పిందా? దినామూ గుడి ఎదురుగ్గా లుంగీ ఎగ్గట్టి, బనీను కూడా లేకుండా పేపర్ చదువుతావు. అప్పుడు రాలేదే.

…సరే. తప్పయిందంటావు. ఎవురికీ తెలీకుండా బోర్డు ఇప్పిస్తానంటావు.

వద్దు.

…వద్దంటాండా. తెలీకుండా ఇప్పితే, చెప్పింది నేనేనని అట్లే ఉండిపోతాది. అందరూ చూస్తాండంగా కట్టినావు, అందరూ చూస్తాండంగా ఇప్పు. అదే జాగాలో ఇంకోటి కట్టు. 'ఎవరి బట్టలు వారి ఇష్టం. ఇట్లు, రాజ్యలక్ష్మమ్మ.'

…కట్టకపోతే నేనే వచ్చి దాని కింద కుర్చీ ఏసుకోని కూచుంటా. వచ్చేవాళ్లకు, పోయేవాళ్లకు చెప్తా, ఇది నా మాట కాదని.

…ఫోటోనా? ఆ పట్టుచీరది వద్దు. కొత్తది పంపిస్తా. …ఇప్పుడే. నైటీలోనే ఉండా. నీలం పూలది.

…పరువా? ఎవురిది, నీదా నాదా? నాదయితే నేను చూసుకుంటా.

ఉండు… అమూల్యా… ఒకసారి ఇట్ల రా తల్లీ. పాపను ఉయ్యాల్లో ఏసి రా. …మెల్లగా.

…ఆ, మంచం మీదిది నీ మూటనే. నీ చుడీదార్లే. దుమ్ము దులిపి పెట్టినా. కుట్లు మానినాక ఏసుకుందువు… నీకిష్టమయితేనే.

…ఇదో, ఇట్ల దండం పెట్టుకోని నిలబడతా. బాగుండాదా? …నవ్వద్దు తల్లీ, కుట్లు లాగుతాయి.

…ఆ, లైన్లోనే ఉండా అనంతయ్యా. ఇంక పెట్టేయప్పా. ఫోటో ఈ ఫోన్లోనే తీయల్ల.