గవరమ్మ చారు క్యారియర్

ఏదీ, ఆ ఫోను ఇలా పట్టు సత్యా. ఇదేనేటి నువ్వెక్కుతానన్న ఓడ? ఓడ మీద ఈతకొలనేటి తల్లీ, చుట్టూ ఉన్న సముద్రం చాల్లేదా ఆళ్ళకి? జారుడుబండ కూడానా! నవ్వకు. మీ తాతమ్మ, మతలబ్ మా అమ్మ గవరమ్మ, ఇది చూసుంటే ముందడిగేది ఒక్కటే, "తిన్నది కడుపులో నిలుస్తాదేట్రా?" అని. మా కాలం జహాజ్‌లో నిలిచేది కాదు మరి. వైజాగ్‌లో ఎక్కితే అడుగున బంక్ క్లాసు, ఇనప మంచాలు ఒకదాని మీదొకటి. పైనోడు కక్కుకుంటే కిందోడికి తలంటు. క్యాబిన్ క్లాసు దొరలు పైన పేకాడుకునేవోరు. ఆళ్ళూ కక్కుకునేవోరేలే, కాకపోతే తలుపేసుకుని.

అమ్మ నన్ను సంకనేసుకుని అలాగే ఈ దీవికి వొచ్చింది. నేను నెలల గుంటణ్ణి. సముద్రం మీదున్నన్నాళ్ళూ ఆవిడ మెతుకు ముట్టలేదు, పాలు ఇంకిపోయాయి. నా ఏడుపు కూడా ఆగిపోయిందంట. ఓడ దిగి జెట్టీ మీద కూలబడిపోతే ఎరుకమ్మని ఒకావిడ, ఎవరో ఏటో తెలీదు, మిరియాల చారన్నం కలిపి ముద్దలెట్టింది. "నువ్వు తింటేనే గుంటడు బతుకుతాడు" అంది. సాయంత్రానికి పాలు పడ్డాయి. బస్, అప్పట్నించి ఓడొచ్చిందంటే మా అమ్మ చారు క్యారియర్ పట్టుకుని జెట్టీకి పరుగు. ఓడ రోజంటే ఊరంతా అక్కడేలే, ఒకడు ఉల్లిపాయల కోసం, ఒకడు పెళ్ళికూతురి కోసం. గణేశ్వరరావు మాస్టారైతే పాత పేపర్ల కోసం. అవి చదివి, నిన్న తన ఎదరే జరిగినట్టు చెప్పేవోడు. ఏం చెబుతున్నాను? ఆఁ, క్యారియర్. అది నిండుగా తిరిగొస్తే నా ప్రాణానికి కీడని అమ్మ నమ్మకం. ఎప్పుడూ రాలేదు.

మీ అమ్మ బడికెళ్తున్న రోజుల్లో మొదటిసారి ఇలాంటి షికారు ఓడ వొచ్చింది. "ఇంత పెద్ద ఓడలో ఎంతమంది కక్కుకుంటన్నారో పాపం" అని అమ్మ రెండు క్యారియర్లు సర్దింది. వొద్దంటే వింటాదా? దిగారు తల్లీ! ఒక్కడి మొహంలోనూ నీరసం లేదు. మెట్లు దిగడానికి పొట్టలే అడ్డం. దండలు పట్టుకున్న ఆఫీసు బాబు ఒకడు, "హటో మాజీ, గెస్ట్ లోగ్ ఆ రహే హై" అని, అతిథులొస్తున్నారు తప్పుకోమని, తోసేశాడు. ఒక దొరసాని చారు వాసన చూసి, తుమ్మి, ఫొటో తీసుకుని పోయింది. ఎండ నెత్తికెక్కినా అమ్మ కదలదు. "ఇంటికి పోదామే" అంటే నా వైపు చూసి కళ్ళనీళ్ళెట్టుకుంది. నాకేం కాదే అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ లోపల దడే.

అప్పుడు ఓడ వెనక చిన్న తలుపులోంచి పనోళ్ళు దిగారు. అందులో నడివయసోడు ఒకాయన ముక్కెగరేసుకుంటూ వొచ్చి, "అమ్మా, చారేనా?" అన్నాడు. సోంపేటోడు! పైనోళ్ళకి పొద్దస్తమానం కూరలు తరుగుతాడంట. పడుకునేది నీటిమట్టం కింద, కిటికీ లేని గదిలో, ఒకదాని మీదొకటి మంచాలు. "కడుపులో నిలుస్తాదా బాబూ?" అంది అమ్మ. "గాలి తోలితే నిలవదమ్మా. కక్కుకుంటానే తరుగుతాం." అమ్మ నా వైపు తిరిగి, "బంక్ క్లాసు తీసీలేదురా, దాని మీద ఊరు కట్టేరు" అంది. ఆయన అక్కడే బాసింపట్టేసుకుని మిగతావోళ్ళని కేకేశాడు. తెలుగోళ్ళు, కానోళ్ళు, అందరూ కూచుని రెండు క్యారియర్లూ ఊడ్చేశారు. ఖాళీ గిన్నెలు మోగించుకుంటూ ఇంటికొచ్చింది మా అమ్మ.

సర్లే, ఎల్లు. ఈతకొలనులో ఈదు, జారుడుబండ మీద జారు. నీ ఓడ ఎప్పుడన్నావు? నేనూ జెట్టీకొస్తాను. నిన్ను సాగనంపడానిక్కాదు. ఆ అటక మీద క్యారియర్లుంటాయి, దించు. ఇంట్లో మిరియాలున్నాయో లేదో మీ అమ్మనడుగు.