బొట్టు పెట్టిన కంప్యూటర్లు

నా పేరు తాటిపెల్లి మహేశ్వరి, భర్త పేరు సాగర్, వయసు ముప్పై ఒకటి. పుట్టినూరు చొప్పదండి, ఉండేది చెన్నూరు. ఇక్కడి ఒక ప్రైవేటు బాలికల పాఠశాలలో కంప్యూటర్ టీచర్‌గా పనిచేస్తున్నాను. పాఠశాల కరస్పాండెంట్ భానుప్రసాద్ గారు నా మీద ఇచ్చిన ఫిర్యాదును ఎస్సై గారు చదివి వినిపించారు. తాళం వేసిన గదిలోకి దొంగతనంగా వెళ్లానని, పదకొండు కంప్యూటర్లను పాడుచేశానని అందులో ఉంది. గదిలోకి వెళ్లిన మాట నిజం. పాడుచేసిన మాట అబద్ధం. నడవని వాటిని నడిపించాను. వచ్చే శుక్రవారం వాటిని పాత ఇనుము కింద తూకానికి వేయబోతున్నారు కాబట్టి నేను చెప్పేది ఆలోపే రాసుకోమని కోరుతున్నాను.

ఆ కంప్యూటర్లు ఒక దాత ఇచ్చినవి. నేను చేరేనాటికే ఆ గదికి తాళం. ఏటా దసరాకు తెరిచి, ఆయుధపూజ చేసి, మళ్లీ తాళం వేసేవారు. నేను నల్లబల్ల మీద కంప్యూటర్ బొమ్మ గీసి పాఠం చెప్పేదాన్ని. మౌస్ తోక ఎటువైపు ఉంటుంది మేడం అని తొమ్మిదో తరగతి పిల్లలు అడిగేవారు. నాకు ఒళ్లు మండేది.

పోయిన నెల కరస్పాండెంట్ గారు కరీంనగర్ నుంచి ఒక టెక్నీషియన్‌ను పిలిపించి, అన్నీ చచ్చిపోయాయని రాయించుకున్నారు. కొత్తవి తన బామ్మర్ది దుకాణం నుంచి వస్తాయని స్టాఫ్ మీటింగులో చెప్పారు. టెక్నీషియన్ ఏం చూశాడో నాకు తెలియదు, నేను అక్కడ లేను. పెన్‌డ్రైవ్ ఒక్కదానికీ ఎక్కలేదన్నాడని విన్నాను. కానీ దసరా నాడు ఒకటి ఆన్ చేస్తే, ఆపరేటింగ్ సిస్టం లేదని తెర మీద ఇంగ్లీషులో రావడం నేను కళ్లారా చూశాను. చచ్చినది అలా రాసి చూపించదు.

సిస్టం పాడైతే పెన్‌డ్రైవ్ నుంచి కొత్తగా ఎక్కించుకోవచ్చు. ఊరికే కాపీ చేసి పెడితే పనికిరాదు, కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్ నుంచే మొదలయ్యేలా తయారు చేయాలి. ఆ పని ఇంట్లో నా సొంత ల్యాప్‌టాప్‌లో, నా సొంత పెన్‌డ్రైవ్‌తో చేశాను. అందులో పెట్టింది ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇచ్చిన సిస్టం. ఫిర్యాదులో దొంగ సాఫ్ట్‌వేర్ అని రాశారు, అది తప్పు. అలా తయారు చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. మా పెళ్లి వీడియో పోయింది. "పోనియ్యి, అండ్ల నా డాన్సు పోయింది, పీడ పోయింది" అన్నాడు మా ఆయన. దొంగతనానికి వెళ్లేవాళ్లెవరూ సొంత పెళ్లి వీడియో పోగొట్టుకుని వెళ్లరని ఎస్సై గారికి మనవి.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఆయా అనసూర్యను తాళంచెవి అడిగాను. గది ఊడ్చేది ఆమే. అడిగింది నేను, ఆమె తప్పేమీ లేదు. ఈ ముక్క తప్పకుండా రాయాలి. కంప్యూటర్ ముందువైపు పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టబోతే దూరలేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే లోపలంతా ఎర్రగా గట్టిపడి ఉంది. కుంకుమ.

"నేనే మేడం," అన్నది అనసూర్య. "పూజ నాడు అందరు పైన బొట్టు పెట్టి పోయిండ్రు. గా సందులు బోసిగ కనవడ్డయి. సదువుల తల్లి గదా, ఉత్తగ ఎట్ల ఉంచాలె అని తడి కుంకుమ పెట్టిన. ఏటేటా పెట్టిన."

పదకొండింటికీ అలాగే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. టెక్నీషియన్ పెన్‌డ్రైవ్ ఎందుకు ఎక్కలేదో అప్పుడు అర్థమైంది. వెనక గోడవైపు కూడా పోర్టులుంటాయి, అక్కడికి అనసూర్య చెయ్యి పోలేదు. ఇద్దరం బల్ల జరిపి పెన్‌డ్రైవ్ వెనక పెట్టాం. ఆన్ చేస్తూనే మీట నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేలా చేశాను. మొదలైంది. లోపల పిల్లలవి గానీ ఆఫీసువి గానీ ఫైళ్లేమీ లేవని చూసుకున్నాకే కొత్త సిస్టం ఎక్కించాను. ఆ సాయంత్రానికి కొన్ని, సోమవారం పొద్దున మిగతావి, అన్నీ నడిచాయి. అనసూర్య ఒక్కోదానికీ దండం పెట్టింది.

మంగళవారం తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చుని తమ పేర్లు టైపు చేస్తుండగా, కరస్పాండెంట్ గారు పాత ఇనుము వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఎవలనడిగి తెరిచినవ్ మేడం? బంద్ చెయ్యిండ్రి అన్ని," అన్నారు.

పిల్లలు లేవలేదు. నేను లేవమనలేదు. అమూల్య అనే పిల్ల తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా, "జర ఆగుండ్రి సార్, సేవ్ చేసుకుంటున్న," అన్నది.

ఇనుము వ్యాపారి ఆయన మొహం చూసి, "నడుస్తున్నయి గద సార్, కిలోల లెక్కన ఎట్ల కొనాలె?" అని అడిగాడు. ఆయన అతన్ని శుక్రవారం రమ్మని పంపేశారు. ఆ సాయంత్రమే గదికి కొత్త తాళం పడింది, నా మీద ఫిర్యాదు వచ్చింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

ఎవరి అనుమతితో చేశావని ఎస్సై గారు అడిగారు. ఎవరి అనుమతీ లేదు. అడిగితే ఇవ్వరని తెలుసు. కంప్యూటర్ టీచర్ కంప్యూటర్ ముట్టుకోవడానికి అనుమతి కావాలంటే, మరి నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది దేనికి? ఈ పొద్దున స్టేషన్‌కు బయలుదేరుతుంటే భానుప్రసాద్ గారు ఫోన్ చేశారు. "తెల్వక చేసిన అని రాసియ్యి చెల్లె. కేసు వాపస్ తీసుకుంట, నీ నౌకరి నీకుంటది," అన్నారు. నౌకరీ నాకు అవసరమే, పోతుందేమోనని భయంగానూ ఉంది. కానీ అలా రాసిస్తే శుక్రవారం ఆ కంప్యూటర్లు ఆటో ఎక్కుతాయి, నా పిల్లలు మళ్లీ బొమ్మలు గీసుకుంటారు. రాసివ్వను. ఆలోగా పోలీసులెవరైనా వచ్చి, కొత్త తాళం తీయించి, ఒక్క మీట నొక్కి చూడాలని కోరుతున్నాను.

ఇదంతా నేను నా నోటితో చెప్పింది, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. స్టేషన్ రైటర్ గారు రాసిన కాయితాన్ని సంతకానికి ముందు నేనే చదువుకున్నాను. ఒకచోట 'పొరపాటున గది తెరిచి' అని ఉంది. నా మేలు కోరే అలా రాశానని రైటర్ గారు అన్నారు. ఆ మాట కొట్టేయించి, పక్కన సంతకం పెట్టాను. నేను తెలిసే తెరిచాను.

(సంతకం)
తా. మహేశ్వరి