తెల్లబట్ట

ఘానాలోని కుమాసీలో ఆదివారం పొద్దున. అబ్రాఫీ పెరట్లో కర్రపెండలం చెక్కు తీస్తోంది. మొగుడు పోయి నేటికి ఏడాది. అక్కడి ఆచారం ప్రకారం ఇవాళ సంతాపపు నల్లబట్ట విప్పి తెల్లబట్టతో చర్చికి వెళ్లాలి. ఆ బట్ట ఒళ్లో పెట్టుకుని ఆడబిడ్డ డూఫీ ఎదురుగా కూర్చుంది.

"లే వదినా. అందరూ ఎదురుచూస్తుంటారు."

"నువ్వెళ్లు. నేనీ నలుపులోనే ఉంటాను."

"ఇంకా ఏడుపొస్తోందా?"

"ఏడుపూ రాదు, నవ్వూ రాదు. నలుపులో ఉంటే నన్నెవరూ ఏమీ అడగరు. హాయిగా ఉంది."

"నిన్ను చూసి పిల్లలు ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు."

"అలవాటైపోతుందిలే. ఎవరి మనసుకి ఏది హాయో అదే చెయ్యాలి."

డూఫీ బట్ట మడత సర్దింది.

"అన్నయ్య కూడా అదే అనేవాడు."

"ఎప్పుడు?"

"శుక్రవారాలు ఆ రెండో ఆవిడ ఇంటికి బయల్దేరేటప్పుడు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరే, హాయిగా ఉంటుంది అనేవాడు."

అబ్రాఫీ చేతిలో కత్తి ఆగింది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. చేతిలో ఉన్న దుంప చెక్కు పూర్తిగా తీసి, చేతులు కడుక్కుంది.

"ఆ బట్ట ఇటివ్వు, కట్టుకుంటా," అంది. "హాయిగా ఉంటుందని మాత్రం కాదు."