మూడో ఏడాది ఇంటర్వ్యూ

బాగా నిద్ర పడుతోందా? అదేంటక్కా, అంత తేలిగ్గా చెప్పేస్తావు? పోయిన ఏడాది ఇదే ప్రశ్నకి నలభై నిమిషాలు ఏడ్చావు కదా. నేనిప్పుడు ఈ కాగితంలో ఏం రాసుకోవాలి, చెప్పు?

కాదులే, నాకూ సంతోషమే. మిల్లు తగలబడి మీ ఆయన పోయిన పదో రోజు నుంచీ నీ ఇంటికి తిరుగుతున్నాను. తోడబుట్టినవాళ్లు కూడా అన్నిసార్లు రాలేదని నువ్వే అన్నావు. కానీ నా సంగతి కూడా చూడాలి కదా.

నాకు ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు ఊరికే ఇవ్వరు. కష్టాన్ని మనుషులు ఎలా మోస్తారన్నదే నా పరిశోధన. పన్నెండుమంది, మూడేళ్లు, అందరూ ఆ కష్టంలోనే ఉండాలి. అలాగని రాసిచ్చాను, బుద్ధి గడ్డితిని. ఒకాయన ఇల్లు మారిపోయాడు. ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుని నా మొహాన తలుపేసింది. ఇంకో ఇద్దరు కోలుకున్నారు, మహానుభావులు. మిగిలింది ఎనిమిదిమంది, నీతో కలిపి. ఒక్కరు తగ్గినా ఈ ఏడాది డబ్బు ఆపేస్తారు.

నవ్వకు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే. ముప్పై నాలుగేళ్లొచ్చి అన్నయ్య ఇంట్లో ముందుగదిలో చాప వేసుకుని పడుకుంటున్నాను. డాక్టరేట్ ఎప్పుడొస్తుందని మా వదిన కూర వడ్డిస్తూ అడుగుతుంది, కూర కొంచెమే వేస్తుంది. మా గైడ్ అయితే మరీ. 'ఆ మిల్లు ఆవిడ ఇంకా ఏడుస్తోందా?' అన్నాడు, అందరి ముందూ. ఏడుస్తోంది సార్ అన్నాను. ఏం చెప్పమంటావు మరి?

సామాన్లెందుకు మూట కట్టావు?

ఓ, ఆ ఉద్యోగమా. ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టేది. ఉండటానికి గది కూడా ఇస్తారన్నావు కదూ. ఉత్తరం ఇంకా రాలేదా?

అటు కాదు, ఇటు చూడు. ఆ ఉత్తరం రాదక్కా.

నిన్ను ఎరిగినవాళ్లెవరు అని దరఖాస్తులో అడిగితే నా నంబరెందుకు రాశావు? చదువుకున్న పిల్ల, నాలుగు మంచి మాటలు చెబుతుందనుకున్నావు. సోమవారం ఆసుపత్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మనిషెలాంటిది అని అడిగింది. చాలా మంచిదండీ అన్నాను. ఒట్టు, ముందు అదే అన్నాను.

ఆ తర్వాతే, ఆ మంటల నుంచి ఇంకా తేరుకోలేదండీ, కత్తెర చేతికిస్తే నా పూచీ లేదండీ అన్నాను. ఆవిడ అయ్యో పాపం అని పెట్టేసింది.

కొడతావా, కొట్టు. నీకు మిషనుంది, చేతిలో పనుంది, ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. నాకు నువ్వు పోతే ఇంకెవరు దొరుకుతారు, ఎక్కడని వెతుక్కోను? ఒక్క ఏడాది ఓర్చుకో. ఇదిగో, ఈ ఏడాదీ నా పరిశోధనలో ఉన్నట్టు ఇక్కడ సంతకం పెట్టు.

ఏంటి, మాట రావట్లేదా? ఫర్వాలేదులే. అదీ రాసుకుంటాను.