బియ్యంలో రాసిన పేరు

ఏం హనుమంతన్నా, ఇంకా గోడకల్లే తిరిగి పండుకున్నావా? ఈ సిద్ధప్పతో మాట్లాడకపోతే మాన్లే. కర్నూలుకు పోయి, మళ్ళీ ఆదోనికి బస్సులో నిలబడే వచ్చినా. కాళ్ళు పీకుతాండాయి.

కర్నూల్లో మాజీ సైనికుల ఆఫీసులో సారు మంచోడే. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించినాడు. మిలిటరీ రికార్డులో నీ పెండ్లాం ఇందిరాబాయి. ఆధార్‌లో, బ్యాంకులో, టెన్త్ సర్టిఫికెట్‌లో సునంద. ఇద్దరూ ఒకరేనని నువ్వు బతికుండగా సంతకమో యేలిముద్రో వెయ్యల్లంట. లేకపోతే నీ తర్వాత ఆమెకు పింఛను రాదు, కోర్టుల చుట్టూ తిరగల్ల అన్నాడు.

మైను పేలి నీ కాలు పోయినప్పట్నుంచి నిన్ను ఎత్తి దించుకుంటా ఇంట్లోనే ఉండిపోయింది కదప్పా ఆమె. ఇప్పుడు యాడికి పోతాది?

నీకు చెప్పలేదు గానీ, మొన్న డాక్టరు నన్ను బయటికి పిలిచినాడు. కిడ్నీలు రెండూ అయిపోయినాయి, ఇంక దినాలే అన్నాడు. అందుకే నా తొందర.

వదినమ్మ మందుల అంగడికి పోయింది, పది నిమిషాల్లో వస్తాది. చెయ్యి ఇట్లియ్యి.

అన్నా.

ఇదేం చల్లదనం? ఇట్ల తిరుగు. నా కల్ల చూడు అన్నా.

ఎప్పుడు పోయినావప్పా? ఆమె ఉండంగానే పోయినావా? నిద్రపోతాండావనుకోని పోయిందా?

ఉండు. తలుపు గడియ పెట్టొస్తా.

ఏడుపు తర్వాత ఏడుస్తా. ఇంకు డబ్బీ తెచ్చినా. నీ బొటనేలు ఇంకా వంగుతాంది. సాక్షి సంతకం నాదే, తేదీ ఈ పొద్దుదే. ఎన్ని గంటలకు వేసినావని ఎవరడుగుతారు? ఇది నేరమని నాకు తెలీదా? కాగితాలతోనే బతికినోన్ని. పట్టుకుంటే నేను జైలుకు పోతా, ఆమెకూ ఏమీ దక్కదు. భయమైతాంది అన్నా.

మంత్రాలయంలో నీ పెండ్లికి వచ్చినా, గుర్తుందా? పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో నీ చేత ఆమెకు కొత్త పేరు రాయించినారు మీవాళ్ళు. మా మగ్గాల ఇండ్లల్లో అట్లాంటిది యాడుంది? పుట్టినప్పుడు పెట్టిందే పేరు. కొత్త పేరు రాసినారంటే పాతది పోయినట్లే అనుకున్నా.

రికార్డులో పెండ్లాం పేరు ఎక్కించే ఫారంలో నువ్వు సునంద అనే రాసిచ్చినావు. సరిగ్గానే రాసిచ్చినావు. అప్పుడు మన యూనిట్ ఆఫీసులో రైటర్ని నేను. కొత్త పెండ్లికొడుకు, పాత పేరు రాసినాడని నవ్వుకోని, నేనే కొట్టేసి ఇందిరాబాయి అని ఎక్కించినా. నిన్ను అడగను కూడా లేదు.

తప్పు బయటపడినాక, దిద్దింది నేనంటే నా పింఛను ఊడుతాదేమోనని, నువ్వే అట్ల రాసిచ్చినావని చెప్పినా. నువ్వూ నమ్మినావు. మొన్న ఆమె ముందర కూడా, అంతా నీ వల్లే అన్నా. నా నోట్లో మన్ను కొట్టినావు కదా అన్నది ఆమె నిన్ను. అప్పుడు తిరిగినావు గోడకల్ల. నేనాడనే కూచోని టీ తాగినా.

తలుపు కొడతాంది. వస్తాండా వదినమ్మా, ఒక్క నిమిషం.

ఇంకొక్క కాగితం. అంతే, అయిపోయింది.

నీది తప్పు కాదని ఆమెకు చెప్పే ధైర్యం నాకు యాడిది? తప్పు నీదేనని ఒప్పుకోని, నీ అంతట నువ్వే యేలిముద్ర వేసి కన్ను మూసినావని చెప్తా. ఇదీ నీ మీదే వేస్తాండా, అన్నా.