సగం సీటు

"అమ్మమ్మా, మా అమ్మ చిన్నప్పుడు నీతోని కొట్లాడేదా?"

కొట్లాడితే బాగుండుననే గదనే నా పరేషానంతా! జెర సక్కగ ఇను. మీ అమ్మ నా కడుపుల పుట్టలే, నీకు ఎరుకే. మూడో తరగతిల నా దగ్గర సదివేది. కాదు కాదు, రెండో తరగతి. నాయిన ముందే లేడు, కూలికి పోయే తల్లి జరమొచ్చి పోయింది. నేను, మీ తాత ఇంటికి తెచ్చుకున్నం. తాతకు అప్పుడు పటాన్‌చెరుల ఫ్యాక్టరీ డ్యూటీ.

టీచర్ రాంగనే లేవాలె అని బడిల నేనే నేర్పిన. ఇగ ఇంట్ల గూడ గదే! నేను వంటింట్ల నుంచి వస్తె లేస్తది, నీళ్ల బిందె తెస్తె లేస్తది. అన్నం తినుకుంట గూడ, ఎంగిలి చెయ్యితోని! "ఇల్లు వేరు, బడి వేరు. అమ్మ వస్తె లేవద్దు బిడ్డా" అని అర్ధగంట సమజ్ చేసిన. ఆ అర్ధగంట చేతులు కట్టుకొని, నిలబడే ఇన్నది! అర్థమైందా అంటె, "అయింది టీచర్" అన్నది. తలకాయ ఏడ కొట్టుకోవాలె చెప్పు? మీ తాతనేమో నవ్వుకుంట, "హాజరు గూడ తీస్కో" అంటడు.

దత్తత కాయితాలకు సంగారెడ్డి పోయినం. ఆఫీసుల సారు నన్ను సూపిచ్చి పిల్లను మంచిగనే అడిగిండు, "ఈమె నీకు ఏమైతదమ్మా?" అని. టక్కున లేసి, "మా టీచర్ సార్!" అన్నది. సారు పెన్ను పక్కకు వెట్టిండు. "పిల్లకు ఇంకా అలవాటు కాలేదు, మళ్ల నెల రాండ్రి" అన్నడు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు నిండ జనం. దీనికి కిటికీ పక్క సీటు దొరికింది. నేను రెండు సంచులు పట్టుకొని నిలబడ్డ. "జెర లేవ్వే" అన్న. లేవలే!

"నేను లేవ. కాళ్లు గుంజుతున్నయ్. అమ్మ వస్తె లేవద్దని నువ్వే గద చెప్పినవ్!"

బస్సంత నవ్విండ్రు. టీచర్ను గద, నాకు ఇజ్జత్ పోయినట్టయింది. మొకం అటు తిప్పుకున్న. కంది ఊరు దాటినంక గని నాకు సమజ్ కాలే, అది ఏమన్నదో. తిరిగి సూస్తె, ఇంత జరిగి సీటు మీద చెయ్యితోని కొడుతున్నది. "ఇగో, గీ సగంల కూసో. మూతి ముడువకు."

ఒళ్లె సంచులు, సగం సీటు మీద, సగం గాలిల. నడుము పోయిందనుకో.

మళ్ల నెల సారు అడిగితె, కూసున్న కాడి నుంచే చెప్పింది: "మా అమ్మ. ఊకె కోప్పడుతది."

అగో, గేటు సప్పుడు. మీ అమ్మ కాజీపల్లి ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చింది. పొద్దంత నిలబడే పని దానిది. నువ్వు లేవకు, కూసో... జెర జరుగు బిడ్డా, దానికి జాగ ఇయ్యి. సల్లగుండు.